గేజీ పుస్తకం

మేఘాద్రిగెడ్డ మీద నాది పంతొమ్మిదేళ్ల ఉద్యోగం.
పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి
మెట్లు దిగి, గేజీ రాయి మీద నాచు తుడిచి
నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూసి రాయడం.
అంతే.
దీనికి జీతమిస్తారా అని మా బావమరిది నవ్వుతాడు.

పుస్తకంలో నాలుగు గడులు:
వచ్చిన నీరు, ఊరికి పోయిన నీరు,
ఫ్యాక్టరీలకు పోయిన నీరు, ఆవిరి.
నాలుగోది ఎవరూ చదవరు.
లెక్క కుదరనప్పుడల్లా
నేను తలదాచుకునేది అక్కడే.

ఏప్రిల్‌లో ఒక సోమవారం
సింహాచలం కొండల వెనక పొగ లేచింది.
ఎవరో బోదగడ్డి తగలేస్తున్నారనుకున్నాం.
మర్నాటి రాత్రికి
కొండ నడుముకి ఎర్రటి మొలతాడు.
జీడితోటల మీంచి గాలి తిరిగితే
కాలిన పిక్కల కమ్మటి వాసన.
ఆకలేసింది. వెంటనే సిగ్గేసింది.

పైన బోని ఎర్రయ్య ఉన్నాడు, ఫారెస్టు వాచరు,
పచ్చికొమ్మలు విరిచి మంటను బాదుతున్న పదకొండుమందిలో ఒకడు.
ఫోన్లో దగ్గుతూ అన్నాడు:
"ఫైరింజను రోడ్డున్నంతవరకే వస్తాది.
మంటకి రోడ్డెందుకు?"

బుధవారం పదింటికి విమానం వచ్చింది.
నేవీ విమానాలకి తలెత్తడం
ఎప్పుడో మానేసిన ఊరు మాది.
ఇది అలాంటిది కాదు.
పసుపు రంగు, పొట్టిది,
ఎవరో పడవకి రెక్కలతికించి
ఆకాశంలోకి తోసేసినట్టు.
తాటితలలు రాసుకుంటూ దిగి
నీటిని తాకింది, ఆగలేదు,
పరిగెడుతూనే తాగింది.
నేను లెక్కపెట్టాను. పన్నెండు.
పన్నెండు అంకెల్లో ఆరువేల లీటర్లు.
రోజు విడిచి రోజు
మా గోపాలపట్నం సందులోకి వచ్చేవి
దాదాపు అన్నే.
ఖాళీ బిందె పెట్టుకుని మా ఆవిడ
కుళాయి మూతికేసి చూసే చూపు గుర్తొచ్చి
ఆగు, రాసుకోవాలి, అని అరవబోయాను.

అప్పటికే అది కొండ మీద ఉంది.
పొట్ట తెరిచింది.
ఇక్కణ్ణుంచి చూస్తే
ఎవరో తలంటుకుని జుత్తు విదిల్చినట్టుంది.
నల్లటి పొగ తెల్లబడింది.
చప్పుడు మాత్రం మా దాకా రాలేదు.

మళ్లీ వచ్చింది. మళ్లీ.
ఒకసారి మరీ దగ్గరగా దిగినప్పుడు
కిటికీలో నల్లద్దాలు, కదులుతున్న పెదాలు.
లెక్కపెడుతున్నాడేమో నాలాగే.
ఆడమనిషేమో కూడా. తెలీదు.

గొంప అసిరయ్య గట్టెక్కి
తెగిన వల నా కాళ్లముందు పడేశాడు.
"ఇరవైరెండు గుక్కలు తాగీసినాది బాబూ.
సేపలన్నీ అడుక్కి దిగిపోనాయి.
నానెవుల్ని అడగాల? గాలినా?"
బీడీ తీశాడు, కొండకేసి చూసి
మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.
"పైన కుందేళ్లుంటాయి," అన్నాడు.
వల ఊసు మరి ఎత్తలేదు.

సాయంత్రం మెట్లు దిగాను.
గేజీ రాయి మీద తేడా
గోరు మీద తెల్లచుక్కంత కూడా లేదు.
లక్షా ముప్పైరెండు వేల లీటర్లు.
రాయికి తెలియనే లేదు.
వదిలేయొచ్చు, అడిగేవాళ్లు లేరు.
కానీ చూశాను కదా.
ఊరికి పోలేదు. ఫ్యాక్టరీకి పోలేదు.
నాలుగో గడిలో, పెన్సిలుతో కాదు, పెన్నుతోనే
అంకె వేసి, పక్కన చిన్నగా "కొండకి" అని రాశాను.
పంతొమ్మిదేళ్లలో
ఆ గడిలో నేను రాసిన మొదటి నిజం.

నెలాఖరుకి ఏఈ గారు పేజీలు తిప్పుతూ ఆగారు.
"ఈ 'కొండకి' ఏంటయ్యా?"
చెయ్యెత్తి చూపించబోయాను.
ఆయన ఫోను మోగింది.
మాట్లాడుతూనే సంతకం పెట్టేశారు.

ఎర్రయ్యకి దగ్గు ఇంకా తగ్గలేదు.
మొన్న రాత్రి ఫోను చేశాడు.
కాలిన జీడిచెట్టు మొదట్లో, బూడిద మీద,
గుప్పెడు నాచు కనబడిందట,
ఎండి, పచ్చగానే.
నీళ్లలో ఉండేది కొండెలా ఎక్కిందో అని
అక్కడే కూచుని చాలాసేపు చూశాడట.
"నీదేనా?" అని అడిగాడు.